మీట నొక్కితే పలకని పెట్టె

మన ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఏ వస్తువైనా పనిచెయ్యడం మానేస్తే "దీనికేమయింది?" అని అడగం, "దీన్నెవరు ముట్టుకున్నారు?" అని అడుగుతాం. ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే నిన్న సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకున్నవాడు దోషి. మిక్సీ తిరగకపోతే పొద్దున్న పచ్చడి చేసినావిడ దోషి. దోషి దొరికి, నాలుగు మాటలు అనడం అయి, అందరి మనస్సులూ కాస్త కుదుటపడ్డాక, అప్పుడు ఎవరో ఒకరు వెళ్ళి ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూస్తారు. చాలాసార్లు ఊడింది ప్లగ్గే అయి ఉంటుంది. ప్లగ్గు మళ్ళీ పెట్టుకోవచ్చు. అన్న నాలుగు మాటలూ మాత్రం వెనక్కి రావు.

ఈ ఆచారాన్ని నేను ఇన్నేళ్ళుగా నిష్ఠగా పాటిస్తూ వచ్చాను. మొన్న మా ఇంట్లో జరిగిన ఒక కంప్యూటర్ వ్యవహారం తరవాత మానేద్దామని అనుకుంటున్నాను. ఎందుకో మనవి చేస్తాను.

మా అమ్మాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది. చదువుకి కంప్యూటర్ కావాలంది. "దానికేం, కొందాం" అన్నాను. "కొనడం కాదు నాన్నా, నేనే కడతాను" అంది. ఇల్లు కట్టడం విన్నాను, పెళ్ళిపందిరి కట్టడం విన్నాను గాని ఈ కంప్యూటర్ కట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. విడిభాగాలు తెచ్చుకుని మనమే బిగించుకోవడమన్నమాట. అల్లా చేసుకుంటే, రెండేళ్ళు పోయాక ర్యామ్ చాలకపోతే ర్యామ్ ఒక్కటే పెంచుకోవచ్చుట. బొమ్మల పని ఎక్కువైతే గ్రాఫిక్స్ కార్డు అప్పుడు చేర్చుకోవచ్చుట. ఏదైనా పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చుట. చాలా ల్యాప్‌టాపుల్లో ఇంత సదుపాయం లేదుట.

ఈ వాదం నాకంటె ముందు మా అమ్మకి నచ్చింది. "అంటే మన పాత పడక్కుర్చీలాగన్నమాట. కోడు విరిగితే కోడే వేయించుకుంటాం గాని కుర్చీ పారేస్తామా?" అంది. అని ఊరుకోలేదు. తన పెన్షను డబ్బులోంచి 10 వేలు మనవరాలి చేతిలో పెట్టింది. అమ్మాయి మా వీధి పిల్లలకి లెక్కలు చెప్పి కూడబెట్టుకున్నది 22 వేలు. మిగిలిన 20 వేలూ నేను వేశాను. మొత్తం 52 వేలు. ఈ పద్దులన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తరవాత ఆ పెట్టె పలకనప్పుడు ఎవరి గుండెలో ఎంత రాయి పడిందో మీకు తెలియాలని.

సికింద్రాబాదు పార్క్ లేన్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి గదా. ఒక శనివారం నేనూ అమ్మాయీ వెళ్ళి, చీటీలో రాసుకున్న ప్రకారం అన్నీ తెచ్చాం. ఇనప కేబినెట్టు ఒకటి, మదర్ బోర్డు ఒకటి, దాని నడినెత్తిన కూర్చునే ప్రాసెసర్ ఒకటి, ర్యామ్ పలకలు రెండు, సమాచారం దాచుకునే ఎస్సెస్డీ ఒకటి, వీటన్నిటికీ విద్యుత్తు పంచిపెట్టే పవర్ సప్లై ఒకటి. బొమ్మ చూపించే శక్తి ఆ ప్రాసెసర్‌లోనే ఉంది కనుక గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో అక్కర్లేదంది అమ్మాయి. ఆ మాటకి నేను చాలా సంతోషించాను.

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్లమీద గుడ్డ తీసేసి పని మొదలుపెట్టింది. ముట్టుకునే ముందల్లా కేబినెట్టు ఇనుముని ఒకసారి తాకుతోంది. అదేం మొక్కే అని మా అమ్మ అడిగింది. మన ఒంటిమీద మనకు తెలియకుండా స్థిరవిద్యుత్తు పోగవుతుందిట. మన వేలికి చురుక్కుమనాలంటే వేల వోల్టులు కావాలిట గాని, చిప్పు చెడిపోవడానికి అంత అక్కర్లేదుట. అందుకని ముందుగా ఇనుముని తాకి ఆ కాస్తా వదిలించుకోవాలి. ప్రాసెసర్ మూల మీద ఉన్న చిన్న త్రికోణం గుర్తుని బోర్డు మీది గుర్తుతో కలిపి, ఏమాత్రం నొక్కకుండా, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టింది. ర్యామ్ పలకల్ని మాత్రం టిక్కుమనేదాకా నొక్కింది. కేబినెట్టు లోపలి గోడకి చిన్న చిన్న ఇత్తడి కాళ్ళు బిగించింది. వాటి మీద బోర్డు కూర్చుంటుందిట.

నేను ఊరికే చూస్తూ కూర్చున్నానని అనుకోకండి. స్క్రూలన్నిటినీ రకాలవారీగా విడదీసి కాఫీ సాసర్లలో పోశాను. సూచనల పుస్తకంలో చీమతలకాయలంత అక్షరాలు భూతద్దం పెట్టి చదివి వినిపించాను. అమ్మాయి భోజనానికి లేచినప్పుడు, మిగిలిపోయిన చిల్లర సామానుని ఒక దారికి తెచ్చాను. ఏ వస్తువునీ వృథాగా పడెయ్యకూడదని మా నాన్నగారు నేర్పిన పాఠం.

సాయంత్రం 6 గంటలకి పెట్టె సిద్ధమయింది. మా అమ్మ బొట్టు పెట్టి అక్షింతలు వెయ్యబోతే, "బామ్మా, బొట్టు చాలు, అక్షింతలు లోపల పడతాయి" అని అమ్మాయి చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ కేసరి చేసి తెచ్చింది. అందరం చుట్టూ నిలబడ్డాం. అమ్మాయి మీట నొక్కింది.

ఏమీ కాలేదు.

మళ్ళీ నొక్కింది. దీపం వెలగలేదు, ఫ్యాను తిరగలేదు, చప్పుడు లేదు. గట్టిగా పట్టి ఉంచింది. ఉహూ. కేసరి చల్లారిపోతోంది.

అప్పుడు నేను అనవలసిన మాట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నేనన్నది మాత్రం ఇది: "కాస్త చూసుకుని చెయ్యొద్దూ! ఎక్కడో ఏదో విరగ్గొట్టి ఉంటావు. 52 వేలు!"

అమ్మాయి జవాబు చెప్పలేదు. స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళిపోయింది. రాత్రి భోజనానికి రాలేదు. అది చాలదన్నట్టు, విజయవాడ నుంచి మా బావమరిది ఫోను. సంగతి విని, "ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి కూర్చున్నారా బావా! తయారుగా ఉన్నది కొంటే పోయేదిగా" అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. నేను "ఊ" అన్నాను. ఆ "ఊ" అనకపోతే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి ఫోను చేశాను. అమ్మాయిది కాకపోతే తప్పు వీళ్ళది కావాలి గదా. "మీరిచ్చిన సరుకు పనికిమాలినది" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు వాయించాను. అవతలి మనిషి అంతా విని, నిదానంగా ఇల్లా అన్నాడు: "తప్పెవరిదన్నది తరవాత చూద్దాం సార్. ముందొక్క సంగతి చెప్పండి. పెట్టెకి అసలు ప్రాణమే లేదా? లేక ప్రాణం ఉండి, తెరమీద బొమ్మ రావడం లేదా?"

ఈ ప్రశ్న నా బుర్రలో ఎన్నడూ పుట్టలేదు. కొత్తగా కట్టిన కంప్యూటర్ పలకలేదంటే అవి రెండు వేరు వేరు జబ్బులుట. ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది – ఇది ఒకటి. అప్పుడు ర్యామ్ సరిగా కూర్చుందా, తెర తీగె సరైన చోట పెట్టామా అని చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళు తీగెని ఆ కార్డుకి పెట్టకుండా బోర్డుకి పెట్టి, బొమ్మ రాలేదని ఏడుస్తారుట. ఇక రెండోది, దీపమూ లేదు, గాలీ లేదు. అప్పుడు విద్యుత్తు నడిచే దారి ఒక్కటే చూడాలి. "మీది రెండోది సార్. ర్యామ్ జోలికీ ప్రాసెసర్ జోలికీ ఇప్పుడే వెళ్ళకండి. గోడ దగ్గర బయల్దేరి, ఒక్కో అడుగే లోపలికి రండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది రాసుకోండి. అమ్మాయిగారే కట్టారు గనక అమ్మాయిగారినే చూడమనండి" అన్నాడు.

సాయంత్రం అమ్మాయి గది తలుపు తట్టి, ఆయన చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పాను. నా తరఫు మాట ఒక్కటీ కలపలేదు. కలిపే మొహం లేదు. అమ్మాయి కాసేపు ఊరుకుని, తెల్లకాగితాల నోటుబుక్కొకటి తీసుకుని బయటికి వచ్చింది.

మొదటి మెట్టు, గోడ. బల్లమీద చదువుకునే దీపాన్ని తెచ్చి అదే సాకెట్టులో పెట్టాం. వెలిగింది. మధ్యలో ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి తిన్నగా గోడకే పెట్టాం. పవర్ సప్లై వెనకాల చిన్న స్విచ్చి ఒకటుంటుంది; దానిమీద నిలువు గీత ఒక వైపు, సున్న ఒక వైపు. గీత వైపు నొక్కితే వేసినట్టు, సున్న వైపు నొక్కితే ఆపినట్టు. లోకంలో సగం కంప్యూటర్లు ఆ సున్న దగ్గరే ఆగిపోతాయి కాబోలునని ఆశగా చూశాను. గీత వైపే ఉంది.

రెండో మెట్టు, తీగెలు. పవర్ సప్లై నుంచి బోర్డుకి పెద్ద తీగె ఒకటి వెడుతుంది. దానికి 24 కన్నాలు. అది కాక ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా మరో తీగె, సాధారణంగా 8 కన్నాలది, బోర్డు పైమూలకి వెడుతుంది. ఆ మూల ఇరుకు. కొత్తవాళ్ళు ఈ రెండో తీగెని మరిచిపోతారుట. మా అమ్మాయి మరిచిపోలేదు. అయినా గోడ ప్లగ్గు తీసేసి, రెండిటినీ ఊడదీసి, మళ్ళీ టిక్కుమనేదాకా నొక్కింది. ప్లగ్గు పెట్టి, మీట నొక్కింది. లేదు. నోటుబుక్కులో రాసుకుంది.

మూడో మెట్టు, మీట. ఇక్కడ నేను కొత్త సంగతి నేర్చుకున్నాను. మన ఇంటి గోడమీద స్విచ్చి వేస్తే విద్యుత్తు దారి తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది. చాలా ఏళ్ళ క్రితం కంప్యూటర్లకీ అల్లాంటి స్విచ్చే ఉండేది. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే పద్ధతి తీసుకువచ్చింది. ఆ పద్ధతిలో ఇంటి ముందుండే మీట అసలు స్విచ్చే కాదు. అదొక కాలింగ్ బెల్లు. గోడకి ప్లగ్గు పెట్టి వెనక స్విచ్చి వేసినంతసేపూ, పెట్టె నిద్రపోతున్నట్టు కనిపించినా, పవర్ సప్లై 5 వోల్టుల సన్నని ధార ఒకటి బోర్డుకి ఇస్తూనే ఉంటుంది. మనం బెల్లు కొడితే, ఆ కాస్త మెలకువతో ఉన్న బోర్డు ఒక తీగె ద్వారా పవర్ సప్లైకి "ఇక పూర్తిగా ఇవ్వు" అని కబురు పెడుతుంది. అప్పుడు 12 వోల్టులూ, 5 వోల్టులూ, 3.3 వోల్టులూ అన్నీ వస్తాయి. కనుక బెల్లు తీగె తెగినా, తప్పుచోట పెట్టినా, లోపల అంతా నిక్షేపంగా ఉండి కూడా పెట్టె పలకదు.

ఆ బెల్లు తీగె వచ్చి చేరేది బోర్డు కింది అంచున, ఆవగింజల్లాంటి సూదుల వరస మీద. దాన్ని పుస్తకంలో బొమ్మ చూసి పెట్టవలసిందే. దీపాలకి పోయే తీగెలకి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి గాని మీట తీగె ఎటు తిప్పి పెట్టినా ఫరవాలేదుట. అమ్మాయి ఆ తీగె పీకేసి, మీటకి చెందిన రెండు సూదుల్నీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి తాకించింది. అంటే కాలింగ్ బెల్లు పాడైతే తలుపు తట్టడమన్నమాట. తట్టినా ఎవరూ తియ్యలేదు.

నాలుగో మెట్టు, బరువు తగ్గించడం. ఎస్సెస్డీ తీసేసింది. ర్యామ్ పలకల్లో ఒకటి తీసేసింది. కేబినెట్టు ముందున్న యూఎస్‌బీ తీగెలు తీసేసింది. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక ర్యామ్ – ఇవి మాత్రం ఉంచింది. పలికితే, తీసేసినవాటిని ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోవచ్చు. ఏది చేర్చినప్పుడు మళ్ళీ నోరు మూసుకుంటే అదే దొంగ. కాని పలకలేదు.

ఐదో మెట్టు, పవర్ సప్లైని ఒంటరిగా పిలవడం. దాని తీగెలన్నీ లోపలినుంచి ఊడదీసి, గోడ ప్లగ్గు తీసేసి ఉండగా, 24 కన్నాల తీగెలో కబురు పెట్టే కన్నాన్నీ పక్కనున్న భూమి కన్నాన్నీ కాగితాల క్లిప్పుతో కలిపింది. ఏ కన్నమన్నది పుస్తకంలో రెండుసార్లు చూసుకుంది. చెయ్యి తీసేశాకే ప్లగ్గు పెట్టించింది. ఫ్యాను ఝుమ్మని తిరిగింది! అంటే అందులో ప్రాణం ఉంది. ఇంకొక మాట కూడా చెప్పింది: ఆ పెట్టెని మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా దాని లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలవ ఉంటుంది. మనిషిని గట్టిగా కొట్టగలదు. అది పాడైతే మార్చుకోవడమే గాని ఇంట్లో రిపేరు పెట్టుకోకూడదు.

సరే, పవర్ సప్లై బాగుంది. మరి లోపల పెడితే ఎందుకు మొండికేస్తోంది? రాత్రి 10 అయింది. తీగెలన్నీ మళ్ళీ పెట్టి, ఇద్దరం బల్లకి చెరో వైపు కూర్చున్నాం. బోర్డే పోయిందేమోనని ఇద్దరికీ ఉంది. ఎవరమూ పైకి అనడం లేదు. అమ్మాయి వెనక స్విచ్చి వేసి, ఆఖరిసారన్నట్టు మీట నొక్కింది.

"అదిగో, కదిలిందే!" అంది మా అమ్మ.

ఆవిడ ఇందాకటినుంచీ పడక్కుర్చీలో జపమాల పట్టుకుని కూర్చుని ఉంది. "ఏం కదిలింది బామ్మా?" అంది అమ్మాయి.

"ఆ లోపలి రెక్క. నిన్న నువ్వు మొదట నొక్కినప్పుడూ అంతే. ఇంత మాత్రం ఉలిక్కిపడి ఆగిపోయింది. రెండోసారి నొక్కితే కదల్లేదు. మీరంతా ముందున్న దీపంకేసి చూస్తున్నారు. మీకు తెలుసు కాబోలు అనుకున్నాను."

అమ్మాయి మొహం మారిపోయింది. వెనక స్విచ్చి ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ వేసి నొక్కింది. ఈసారి అందరం ఫ్యానుకేసే చూశాం. నిజమే! రెక్క ఒక్క వేలిపాటు కదిలి ఆగిపోయింది.

"చచ్చిపోలేదు నాన్నా! ఇది కావాలని ఆగిపోతోంది" అంది.

సంగతేమిటంటే, మంచి పవర్ సప్లైలో ఒక కాపలా ఉంటుంది. ధార ఇవ్వడం మొదలుపెట్టగానే, ఎక్కడైనా విద్యుత్తు అడ్డదారిన భూమిలోకి పోతున్నట్టు తోస్తే, అంటే మనం షార్టు సర్క్యూట్ అంటామే అది, వెంటనే కట్టేస్తుంది. అల్లా కట్టేశాక చాలావాటిలో వెనక స్విచ్చి ఆపి కొంచెంసేపు ఆగితేగాని మళ్ళీ ప్రయత్నించదు. అందుకే మొదటిసారి ఉలికిపాటు, తరవాత మౌనం. మేము మొండితనమనుకున్నది నిజానికి ఆ పెట్టె చేస్తున్న రక్షణ. అది ఆగకుండా ఇచ్చి ఉంటే మదర్ బోర్డు మాడిపోయేది.

అయితే షార్టు ఎక్కడ? అమ్మాయి బోర్డుని కేబినెట్టులోంచి మొత్తం బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టెమీదే పెట్టింది. అట్టమీద విద్యుత్తు నడవదు. మెరిసే సంచీమీద పెట్టొచ్చుగా అన్నాను. ఆ సంచులు కొన్నిటికి పైపొర విద్యుత్తుని పోనిస్తుందిట, వద్దంది. రెండు తీగెలూ పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో సూదుల్ని తాకించింది.

ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. తెర తీగె తగిలిస్తే, మీ అక్షరాల పలక ఎక్కడుందని తెర అడిగింది కూడాను!

మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మా అమ్మ జపమాల కళ్ళకద్దుకుంది. బోర్డు బాగుంది, ప్రాసెసర్ బాగుంది, అన్నీ బాగున్నాయి. అమ్మాయి ఏదీ విరగ్గొట్టలేదు. ఇక మిగిలింది ఖాళీ కేబినెట్టు. దొంగ అందులోనే ఉన్నాడు.

ఇందాక ఇత్తడి కాళ్ళని చెప్పాను గదా. మదర్ బోర్డు వీపంతా టంకం వేసిన మొనలే. కేబినెట్టు ఇనుము. రెండూ తగిలితే విద్యుత్తు దారి తప్పుతుంది. అందుకని ఇత్తడి కాళ్ళు బోర్డుని గోడకి సుమారు పావంగుళం ఎత్తున నిలబెడతాయి. బోర్డుకి ఎక్కడెక్కడ స్క్రూ కన్నాలున్నాయో సరిగ్గా వాటి కిందనే కాలుండాలి. అయితే కేబినెట్టు చేసేవాడు ఒక్క కొలత బోర్డుకే చెయ్యడు. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడుగు, 244 వెడల్పు. మాది దాని చెల్లెలు మైక్రో ఏటీఎక్స్, అటూ ఇటూ 244. రెండిటికీ పనికొచ్చేటట్టు గోడలో ఎక్కువ గుంటలు చేసి, కాళ్ళు కూడా ఒకటో రెండో ఎక్కువే ఇస్తాడు. అక్కర్లేని గుంట ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉండవలసినచోట కాలుంటే, అది బోర్డు వీపులో పొడుస్తుంది.

అమ్మాయి టార్చిలైటు వేసి లెక్కపెట్టింది. మా బోర్డుకి కన్నాలు ఆరు. గోడమీద కాళ్ళు ఏడు.

"నేను ఆరే పెట్టాను నాన్నా. ఒకటి సాసర్లో మిగిలింది. నాకు బాగా జ్ఞాపకం" అంది.

అప్పుడు నాకూ జ్ఞాపకం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి భోజనానికి లేచింది. సాసర్లో ఇత్తడి కాలొకటి మిగిలి ఉంది. కేబినెట్టులో ఒక గుంట ఖాళీగా ఉంది. కాలేమో మిగలడం, గుంటేమో ఖాళీగా ఉండడం! పాపం, పిల్ల మరిచిపోయింది గావునననుకుని, ఏ వస్తువునీ వృథా చెయ్యకూడదన్న మా నాన్నగారి పాఠం తల్చుకుని, స్వహస్తాలతో, గట్టిగా, రెండు చుట్లు ఎక్కువే తిప్పి బిగించాను. బిగించి వెళ్ళి భోంచేశాను. అమ్మాయి వచ్చి, తను పెట్టినవి ఆరే గనక మళ్ళీ లెక్కపెట్టవలసిన పనేమిటని, బోర్డు దానిమీద కూర్చోబెట్టింది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నా నోటి చివరికి వచ్చిన మాట, "ఫ్యాక్టరీవాళ్ళే బిగించి పంపారేమో" అని. ఎంత సుళువైన మాట! ఎవరూ కాదనరు. ఫ్యాక్టరీవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు. ఇంట్లో పెద్దవాడి పరువు చెక్కుచెదరదు. కాని ఎదురుగా అమ్మాయి కూర్చుని ఉంది. నిన్న రాత్రి అన్నం తినలేదు. పగలంతా, తను చెయ్యని తప్పు తన చేతిలోనే ఎక్కడో ఉందని వెతుక్కుంది. నేనిప్పుడీ మాట అంటే, ఏడో కాలు ఎల్లా వచ్చిందో అన్న సందేహం దానికి ఎప్పటికీ ఉండిపోతుంది. తన లెక్కమీద తనకి నమ్మకం పోతుంది. ఆ నమ్మకం ఖరీదు 52 వేలు కాదు.

"అది నేను బిగించానమ్మా" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి నాకేసి చూసింది, కాలుకేసి చూసింది. నిన్నటినుంచీ పట్టి ఉంచిన నవ్వో ఏడుపో తెలియనిదొకటి ఒక్కసారి బయటికి వచ్చింది. చివరికి నవ్వే అని తేలింది. "మిగిలినవి మిగలనివ్వాలి నాన్నా" అంది.

"నిన్న నేనన్న మాట కూడా తప్పే" అన్నాను. ఇది ఇత్తడి కాలు సంగతి ఒప్పుకున్నదానికంటె కష్టమయింది. ఎందుకో మీలో తండ్రులైనవాళ్ళకి తెలుస్తుంది.

రాత్రి 12 గంటలకి పెట్టె మళ్ళీ బిగించడం పూర్తయింది. మీట నొక్కితే పలికింది. చల్లారిన కేసరి వేడి చేసుకుని తిన్నాం. మర్నాడు నేను రెండు ఫోన్లు చేశాను. ఒకటి దుకాణానికి. క్షమించమంటే ఆయన నవ్వి, "నిలబెట్టే కాళ్ళేనా సార్? నెలకొకరైనా వస్తారు" అన్నాడు. రెండోది విజయవాడకి. స్క్రూడ్రైవర్ ఆడపిల్ల చేతిలో ఉన్నంతసేపూ ఏమీ కాలేదనీ, అది బావగారి చేతిలోకి వచ్చినప్పుడే ఇంత ముప్పూ వచ్చిందనీ మా బావమరిదికి వివరంగా చెప్పాను. ఈసారీ ఫోను స్పీకర్లోనే పెట్టాను.

మీ ఇంట్లో కూడా ఇల్లాంటిది ఎప్పుడైనా జరిగితే, వరస గుర్తుంచుకోండి. ప్రాణం లేదా, బొమ్మ లేదా అన్నది ముందు తేల్చుకోండి. ప్రాణం లేకపోతే గోడ, వెనక స్విచ్చి, రెండు తీగెలు, మీట సూదులు. తరవాత బరువు తగ్గించడం. తరవాత అట్టపెట్టె మీద పెట్టి చూడడం. చెయ్యి పెట్టే ముందల్లా గోడ ప్లగ్గు తీసెయ్యండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పక్కన కూర్చుని చూస్తున్న ముసలమ్మగారు ఉంటే, ఏం కనిపించిందని ఆవిణ్ణి అడగండి. అన్నిటికంటె ముందు, "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నని ఆ సాయంత్రానికి బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఎందుకంటే, తాళం తీసినప్పుడు లోపల ఎవరి పేరుంటుందో చెప్పలేం.

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వాళ్ళ మార్క్ 2 అనే గదంత కంప్యూటర్ మొరాయిస్తే, విప్పి చూసిన ఇంజనీర్లకి లోపల ఒక రెక్కల పురుగు దొరికింది. వాళ్ళు దాన్ని పారెయ్యలేదు, ఎవరిమీదా కేకలెయ్యలేదు. లెక్కల పుస్తకంలో అంటించి, పక్కన వేళతో సహా రాసిపెట్టుకున్నారు. ఆ పుస్తకాన్ని పురుగుతో సహా ఈనాటికీ అక్కడి స్మిత్సోనియన్ సంస్థవారు భద్రంగా దాచి ఉంచారు.

మా అమ్మాయి నోటుబుక్కులో కూడా ఆఖరి పేజీలో, టేపు వేసి అంటించిన ఇత్తడి కాలొకటి ఉంది. దాని కింద తేదీ, వేళ, "ఏడోది" అన్న మాట ఉన్నాయి. ఎవరు బిగించారన్నది మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదే అని అడిగితే, "పెట్టె పలికింది గదా నాన్నా, ఇంక దాంతో ఏం పని?" అంది.